ఎడమచేతికి సాక్సు

రమాకాంత్ ఉప్మా చెంచా తండ్రి నోటిదాకా తెచ్చాడో లేదో, గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ఆగుండ్రి! చెయ్యి పడిపోయింది ఎవరికి?"

"బాపుకు."

"మరి ఎక్సర్‌సైజ్ మీరు చేస్తున్నరేంది?"

ఆ కేక ఫిజియోథెరపిస్టు శ్రీవాణిది. మానుకోట నుంచి బస్సులో మరిపెడ వచ్చింది. రమాకాంత్ తండ్రి, విత్తనాల దుకాణం రాజేశం పక్షవాతం వచ్చి దవాఖానలో పడి, ఇల్లు చేరి వారమైనా కాలేదు. మాట బాగానే ఉంది గాని కుడిచెయ్యి మొండికేసింది.

శ్రీవాణి బ్యాగులోంచి కొత్త సాక్సు తీసి, బాగున్న ఎడమచేతికి తొడిగింది.

"గిదేంది బిడ్డా, కాలికేసేది చేతికేస్తున్నవ్?"

"గా చెయ్యికి సెలవు బాపూ. ఇగ పనంతా కుడిచేతిదే."

ఆ పూట ఉప్మా సగం రాజేశం నోట్లోకి, సగం రమాకాంత్ చొక్కా మీదికి పోయింది. శ్రీవాణి పకపకా నవ్వింది. మర్నాటి నుంచి రమాకాంత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఉప్మాకు ఎదురుగా కూర్చోసాగాడు.

మెల్లగా చేతికి ప్రాణమొచ్చింది. శెనగలు ఏరింది, గ్లాసు ఎత్తింది.

"గిట్లనే ఉంటే వచ్చే వారం సంది నేను రావల్సిన పనే లేదు" అంది శ్రీవాణి సంబరంగా.

రమాకాంత్ ముఖం వానకు తడిసిన విత్తనాల బస్తా అయింది. రాజేశం అది చూశాడు.

మర్నాడు కుడిచెయ్యి మళ్లీ పడిపోయింది!

"నిన్న ఎత్తినవు గద బాపూ!"

"నిన్నటి సంగతి నిన్ననే పాయె బిడ్డా."

శ్రీవాణి పరేషాన్ అయింది. ఎంత చేసినా వేలు కదల్లేదు. చివరికి కళ్లు తుడుచుకుంది.

"నాతోనే ఏదో తప్పయింది. వరంగల్‌ల పెద్ద డాక్టరుకు చూపియ్యిండ్రి. రేపటి సంది నేను రాను."

వానలోకి నడిచింది. రమాకాంత్ గొడుగు పట్టుకుని పరుగెత్తాడు.

"మేడం..."

"ఏంది?"

"గొడుగు."

"ఇంకేమన్న చెప్పాల్నా?"

"గొడుగు మంచిది మేడం. గట్టిగుంటది."

ఆమె గొడుగు లాక్కుని బస్సెక్కింది.

మూడోనాడు గొడుగు తిరిగివ్వడానికి వచ్చింది. చేతిలో కొబ్బరిముక్క.

"బాపు చెయ్యి బాగుగావాలని కురవి వీరన్నకు మొక్కిన. ప్రసాదం తీసుకో బాపూ."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రసాదాన్ని ఎడమచేత్తో ముట్టని మనిషి రాజేశం. కుడిచెయ్యి దానంతటదే చక్కగా చాపుకొని ప్రసాదం అందుకుంది.

నాటకం మొదలుపెట్టినప్పుడు అడ్డుపడని దేవుడు ప్రసాదం దగ్గరే ఎందుకు పట్టించాడు? ఏమో! ఆయనకూ కాసేపు నవ్వుకోవాలని ఉంటుందేమో.

"గిదేంది బాపూ?"

"తప్పయింది బిడ్డా. చెయ్యి బాగైతే నువ్వు రావు. నువ్వు రాకుంటే వీడు మనిషిల ఉండడు."

"నా చదువు మీద నాకే అనుమానమొచ్చింది! కంటికి కునుకు లేదు!" ఆమె రమాకాంత్ వైపు తిరిగింది. "మీ నోటికి గూడ ఎవరన్న సాక్సు తొడిగిన్రా?"

రమాకాంత్ నోరు తెరిచాడు. "ఆనాడు చెప్పాలనుకున్నది గొడుగు గురించి గాదు. నువ్వంటే నాకు పానం."

శ్రీవాణి గొడుగు వైపు చూసింది. "గొడుగు గట్టిదే. నేను ఉంచుకుంట. మా అమ్మానాయినలను అడుగుతందుకు మానుకోటకు రాండ్రి."

ఇద్దరూ రాజేశం కాళ్లకు మొక్కడానికి వంగారు. ఆయన కుడిచెయ్యి ఛాతీదాకా లేచి ఆగింది, మెల్లగా వాళ్ల తలల మీదికి చేరింది.

"సల్లగుండుండ్రి."

"ఇంకోసారి బాపూ. భుజం పూర్తిగ లేవలె."

మళ్లీ దీవెన. మళ్లీ "ఇంకోసారి!"

"మేడం, నడుము గుంజుతుంది. లేవొచ్చా?" అన్నాడు రమాకాంత్.

"మీరు కదలకుండ్రి. ఎక్సర్‌సైజ్ బాపుది."