ఉంగరం తొడిగిన చెయ్యి

హైమవతి తాళపుటుంగరం తొడుక్కుని తొడ మీద ఒక ఆవర్తం ఆదితాళం వేసింది. అద్దాల గదిలోంచి సభ శబ్దం చూసుకునే ఫిరోజ్ బొటనవేలు ఎత్తి చూపించాడు. శబ్దాన్ని సరిదిద్దే సరిపొర ఆమె చేతిని గుర్తుపట్టిందన్నమాట. తర్వాత ఆమె వయొలిన్ మీద పంచమం పట్టుకుని, అక్కణ్ణుంచి జాజ్ వాళ్ల పద్ధతిలో కావాలనే సగం మెట్టు కిందికి జారింది. పొర దాన్ని అపస్వరమనుకుని పైకి ఎత్తబోయింది. ఫిరోజ్ నాలుక కరుచుకుని, ఆ జారుడును ఒప్పుకునే జాజ్ గడి తెరిచాడు. ఇది ప్రతి సభలోనూ జరిగే తంతే.

ఆమె కట్టిన కృతులు తోడిలో మొదలై పియానో మెట్ల మీద ఎటెటో తిరిగి మళ్లీ తోడికే వస్తాయి. మొదట్లో శాస్త్రీయం వాళ్లు ఆమెను గడప తొక్కనివ్వలేదు. జాజ్ వాళ్లు పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. ఇప్పుడు మా మనిషంటే మా మనిషని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ కష్టకాలమంతా పక్కన కూర్చుని వాయించినవాడు ఆమె అన్నయ్యా అని పిలిచే దేవదానం ఒక్కడే. ఒడిలో మృదంగం, ఎడమపక్క డ్రమ్సు, రెండూ ఆయనవే.

విశాఖ సాగరసభలో వేదికకూ జనానికీ మధ్య మౌనతెర ఉంటుంది. వేదిక మీది చప్పుడు దాన్ని దాటదు. శ్రోతల చెవుల్లోని కర్ణికలకు చేరేది సరిపొర వడకట్టి పంపినదే. స్వరం దిగితే పొర ఎత్తుతుంది, లయ జారితే లాగుతుంది. మరీ జారితే ఆ కళాకారుడి పాత కచేరీలలోంచి నీడవాద్యం పుట్టించి వినిపిస్తుంది. పక్షవాతం వచ్చి దేవదానం ఎడమచెయ్యి మందగించాక జనం వింటున్నది ఆ నీడనే. ఈ వయసులోనూ ఏం చెయ్యండీ అని మెచ్చుకుంటూ ఉంటారు.

ఇవాళ ఆయన ఆఖరి కచేరీ. మధ్యాహ్నం విశ్రాంతిగదిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ మాట ఎత్తాడు.

"మొన్న నా మనవరాలు నా వాయింపు వింటా నిద్దరోయిందే. తీరా సూస్తే అది నాది కాదు, ఎప్పటి దేవదానానిదో. ఆడి మీద నాకు కోపం నేదు గానీ, రేపట్నుంచి నేను మృదంగం ముట్టుకోను కదా. ఒక్క తని ఆవర్తనం నా సేత్తో వినపడాల. తప్పుల్తో పాటే."

ఆమె సభామండలి వాళ్లను అడిగింది. పాపం వాళ్లూ మర్యాదగానే కాదన్నారు. ఆయన పరువు కాపాడటానికే కదమ్మా పొర ఉన్నది అన్నారు. ఫిరోజ్‌ను అడిగితే, పొర ఎత్తే అధికారం తన చేతిలో లేదని, లయలో ఎడం హద్దు గీత దాటితే నీడ దానంతటదే వచ్చేస్తుందని బాధపడుతూ చెప్పాడు.

"ఎడం అంటే, దేనితో పోల్చి?" అని అడిగింది హైమవతి.

"మీ ఉంగరంతోనే మేడమ్. తనిలో మృదంగానికి తాళం వేసి చూపించేది ప్రధాన కళాకారులే కదా. పొరకూ అదే కొలత."

ఆమె ఉంగరం వేలిని నిమురుకుంది. అతను తన మీటల బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

కచేరీ బాగా నడిచింది. పల్లవి దగ్గర ఆమె వయొలిన్ ఒడిలో పెట్టుకుని దేవదానం వైపు తిరిగింది. మృదంగం ఒక్కటే మోగే తని మొదలైంది. సభంతా ఒళ్లో తాళం వేస్తోంది. కర్ణికలో అంతా నిక్కచ్చిగా వినపడుతోంది. ఆయన చేతులు చూస్తే మాత్రం ఎడమచెయ్యి దెబ్బ దెబ్బకూ వెనకబడుతోంది. ఆమె తన కర్ణిక తీసి పక్కన పెట్టింది. చాలాకాలం తర్వాత అన్నయ్య మృదంగం అసలు గొంతు వింది. అది అలిసిపోయిన గొంతు. అయినా అందులో ఆలోచన ఉంది, ఆ నీడవాద్యంలో ఎన్నడూ లేనిది. ఆమెకు ఏడుపొచ్చింది.

గురువుగారు వెంట్రుకవాసి కదిలితే మణికట్టు మీద కొట్టి నేర్పిన తాళం అది. తనిలో తాళం ఊగిందంటే ఇంత పేరూ గంగలో కలుస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆమె మొట్టమొదటి కచేరీలో, జాజ్ జారుడులో పడి ఎత్తుగడ తప్పి దిక్కులు చూస్తుంటే, దేవదానం మృదంగం నడకను తెచ్చి ఆమె తప్పిన చోటే నిలబెట్టాడు. కిందికి దిగాక నవ్వాడు. ఒక్కరు తప్పితే తప్పవుద్ది, ఇద్దరూ తప్పితే బాణీ అవుద్ది అన్నాడు.

ఆమె చెయ్యి గాలిలో ఆగింది. ఆయన ఎడమచెయ్యి వచ్చేదాకా ఆగి, దానితోపాటు దిగింది.

ఆ తర్వాత ఆమె తాళం వెయ్యలేదు, ఆయన చేతిని పట్టుకుని నడిచింది. ఆయన తడబడినచోట తడబడింది, ఊపిరి తీసుకున్నచోట తీసుకుంది. ముందువరుసలో ఒక పెద్దాయన లెక్క తప్పి తన చేతినే అనుమానంగా చూసుకున్నాడు. ఒకరొకరుగా చేతులు ఆగిపోయాయి. ఫిరోజ్ బల్ల మీద ఎడం సున్నా దగ్గరే నిలబడింది. పొరకు తప్పెక్కడా దొరకలేదు. నీడ రాలేదు, కర్ణికల్లో మోగింది ఆయన చెయ్యే. ఉంగరానికీ గడియారానికీ పొంతన కుదరక, పొర సభ గడియారమే తప్పని తేల్చి దాని ముల్లును నెమ్మది చేసింది. గడియారాన్ని మళ్లీ సరిచెయ్యమంటారా అని బల్ల అడుగుతోంది. ఫిరోజ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

దేవదానం డ్రమ్సు మీద బ్రష్షులు మెల్లగా తిప్పి, మళ్లీ మృదంగానికొచ్చి, మూడుసార్లు వాయించి ముగించే ముక్తాయింపు అందుకున్నాడు. జనం వైపు చూడలేదు, ఆమె చేతినే చూస్తున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. మూడోసారి బాగా ఆలస్యమైంది. ఆ చెయ్యి ఆయన కోసం ఆగింది. ఇద్దరూ ఒక్కసారే సమం మీద పడ్డారు.

హైమవతి తాళం తప్పిందని ముందువరుసలో ఎవరో అన్నారు. మౌనతెర మీదుగా మాట రాకపోయినా పెదవులు కదలడం ఆమెకు కనిపించింది. వెనకెక్కడో ఒక ముసలావిడ మాత్రం ఒళ్లో చెయ్యి తిప్పి, ఆ కొత్త నడకలో తాళం అందుకుంది.

హైమవతి వయొలిన్ ఎత్తి, ఆయన ఆగినచోటే పల్లవి పట్టుకుంది. దేవదానం ఆమె వైపు వంగాడు.

"తాళం తప్పావే, అమ్మాయ్."

"ఇద్దరం తప్పాం కదా, అన్నయ్యా."