సీలు పడిన లాప్‌టాప్

"నాలుగింటికి వంతెన కూలుతుంది," అన్నాడు చీఫ్, కుర్చీలోంచి కదలకుండా. "పన్నెండు స్తంభాల్లో ఒకదాని లోపలి ఉక్కును ఆ విదేశీ ముఠా కోసేసింది. నాలుగింటి రైలు వంతెన మీదికెక్కితే చాలు."

"రైళ్లు ఆపించండి సార్!"

"అడిగాను. అనుమానం మీద ఆపరట. ఏ స్తంభమో రిపోర్టులో చూపించాలట."

ఏజెంట్ పదిహేడుకి ఒళ్లు మండిపోయింది. నాలుగింటి రైలు నడిపేది అతని సొంత అక్క. ఆ సంగతి చీఫ్‌కీ తెలుసు. అందుకే కళ్లలోకి చూడలేదు.

ఆఫీసు కంప్యూటర్లన్నిటి మీదా ముఠా కన్నుంది. అందుకని సెక్యూరిటీ సెక్షన్ ఓ గేమింగ్ లాప్‌టాప్ ఇచ్చింది. రెండింటికల్లా మన ఏజెంట్ జుట్టుకి నీలం రంగేసుకుని, మెడలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, వీడియో గేముల పోటీకొచ్చిన కుర్రాడిలా హోటల్ గదిలో దిగాడు. వంతెన సెన్సర్ల డేటా ఎక్కించి సిమ్యులేషన్ మొదలుపెట్టాడు. మిగిలిన సమయం: గంటా పది నిమిషాలు. హమ్మయ్య అనుకున్నాడు.

ఏం హమ్మయ్య! పావుగంటలో లాప్‌టాప్ తొంభై ఏడు డిగ్రీలకెక్కింది. వేడెక్కగానే స్పీడు తగ్గించుకుంది. మిగిలిన సమయం: రెండు గంటల నలభై.

ఏసీ పద్దెనిమిదికి దించాడు. కీబోర్డు రంగుల లైట్లార్పేశాడు. లాప్‌టాప్‌ని పరుపు మీంచి తీసి బల్ల మీద పెట్టి, కింద రెండు పుస్తకాలు దూర్చాడు. టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పాడు. తొంభై ఏడు అంటే తొంభై ఏడే! కుక్క తోక వంకర అన్నట్టు, దిగిన అరడిగ్రీ మళ్లీ ఎక్కుతోంది. ఏడుపొచ్చినంత పనైంది.

సెక్యూరిటీ సెక్షన్‌కి ఫోన్ కొట్టాడు.

"ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అందో నిద్రమత్తు గొంతు.

"ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికొస్తుందండీ బాబూ! లోపలేదో లోపముంది."

"ఛాన్సే లేదు. దానికి ఫుల్ సెక్యూరిటీ ఇచ్చాం. చీమ దూరే సందు కూడా వదల్లేదు."

ఫోన్ మంచం మీదకి విసిరేశాడు. మూడూ పది. అప్పుడే తలుపు చప్పుడైంది.

"మీ మేడ మీద వాన పడిందా?" ఆడగొంతు.

"గొడుగు ఎండలో ఆరేశాం," అని కోడ్ పూర్తిచేసి తలుపు తీశాడు. ముత్యాలావిడ! మెడలో మూడు పేటల ముత్యాలు, కళ్లకి నల్లద్దాలు. ముఠా జీతమూ తింటుంది, మన జీతమూ తింటుంది. ఎవరి మనిషో ఆ దేవుడికే ఎరుక.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సుత్తి తీసిందావిడ. ఏజెంట్ పిస్టల్ తీశాడు.

"దించవయ్యా. దీన్ని పగలగొట్టి రమ్మని ముఠా పంపింది." లాప్‌టాప్ అంచు పట్టి పైకెత్తి అడుగుకి తొంగిచూసింది. పకపకా నవ్వింది. "దీనికి నా సుత్తెందుకు? మీ ఆఫీసే చాలు!"

అడుగునున్న గాలి కన్నాల మీద, ఒక్కటీ మిగలకుండా, ఎర్ర సీళ్లు. 'అతి రహస్యం. తొలగించిన వారిపై కఠిన చర్య.' మూడు సంతకాలు కూడానూ.

ఏజెంట్ చెయ్యి సీలు దాకా వెళ్లి ఆగింది. పదేళ్ల సర్వీసు, సీలు చూస్తే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.

"అక్క కంటే స్టిక్కర్ ఎక్కువా?" అందావిడ మెల్లగా. రైలు నడిపేదెవరో ఆవిడకీ తెలుసన్నమాట.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. గోళ్లతో బరబరా పీకేశాడు. లోపలి ఫ్యాన్లు బుస్సుమని వేడిగాలి కక్కాయి. తొంభై. ఎనభై నాలుగు. డెబ్బై ఎనిమిది. మిగిలిన సమయం: ముప్ఫై ఆరు నిమిషాలు.

మూడూ యాభై ఆరుకి తెర మీద తొమ్మిదో స్తంభం ఎర్రబడింది. రిపోర్టు వెళ్లింది. మూడూ యాభై తొమ్మిదికి రైలు వంతెన మొగలో, పది అడుగుల ఇవతల ఆగింది. ఏజెంట్ నేలమీదే కూలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే ముత్యాలావిడ లేదు, సుత్తి మాత్రం బల్ల మీద వదిలేసి వెళ్లింది.

నాలుగున్నరకి మెమో వచ్చింది: సీళ్లు చింపినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది చదువుతుండగానే ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్ తమ్ముడూ! ఎవడో తలమాసినవాడు నా రైలు ఆపించాడ్రా. ఇన్నేళ్లలో ఒక్క నిమిషం లేటయ్యానా నేను? వాడు దొరకనీ, చెప్పుతో కొడతా!"

అతను ఏం చేస్తాడో ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. అది రూలు. కళ్లు తుడుచుకున్నాడు.

"కొట్టక్కా," అన్నాడు. "ఎంత గట్టిగా కొడితే అంత మంచిది."