కోసేసిన వాక్యం

మా అన్న కూతురు సైన్సు చెబితే వినాలండీ. పొద్దున రేడియో, సాయంత్రం టీవీ, ఆదివారం పేపర్లో అరపేజీ. ఆ స్టూడియోలోనే నేను సౌండు చూస్తాను. చదివింది పదో తరగతే అయినా, దాని పుణ్యమా అని ఆక్సిజన్ మీద గంట మాట్లాడగలను.

మొన్న మూసి ఉన్న ట్యాంకులు కడిగేవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పింది. "ముందు దీపం దించి చూడండి. ఆరిపోతే దిగొద్దు. వెలిగినా నమ్మొద్దు, విషవాయువు ఉండొచ్చు. గాలి పరీక్ష చేయించాకే దిగండి."

నిమిషం దాటిందని ఎడిటరు 'వెలిగినా నమ్మొద్దు' దగ్గర్నుంచి చివరి మాటలు కోసేశాడు. రేడియో, టీవీ, పేపరు... మూడింట్లోనూ అదే కోత. అది చూసి ఒకాయన దీపం దించాడు. వెలిగింది. దిగాడు. మళ్ళీ పైకి రాలేదు.

ఇప్పుడేమో 'కార్మికుడి అజాగ్రత్తే కారణం' అని అమ్మాయి చదవాలంటూ ఎడిటరు కాగితం పంపాడు. చదవకపోతే ఉద్యోగం ఊడుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చనిపోయినాయన భార్య ఫోన్ చేసింది బాబాయ్," అంది అమ్మాయి. "తిట్టలేదు. తిట్టినా బాగుండేది."

పట్టపగలు పదకొండు. అయినా స్టూడియోకి కిటికీలుండవు కదా, ఎప్పుడూ చీకటే. రికార్డింగుకి ముందు మాకో అలవాటు. అందరం కదలకుండా కూర్చుని, ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటాం. కోసిన చోట అతకడానికి పనికొస్తుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.

కుళ్ళిన గుడ్ల వాసన, ట్యాంకుల్లో విషవాయువుకి వచ్చేది, సన్నగా మొదలైంది. ఎక్కడో నీటిచుక్క పడింది. ఇంకోటి. తర్వాత... ఊపిరి. అందక కొట్టుకుంటున్న ఊపిరి. మా ఇద్దరిదీ కాదు.

"దీపం వెలిగిందమ్మా..." అందొక మగగొంతు. "తర్వాత?"

హెడ్‌ఫోన్లు అమ్మాయికి పెట్టాను. వింది. ముఖం తెల్లబడింది, ఆ వెంటనే ఎర్రబడింది. కాగితం నాలుగు ముక్కలు చేసింది.

"రికార్డరు తిప్పు బాబాయ్."

కోసేసిన మాటలన్నీ చెప్పింది. కోసిందెవరో కూడా చెప్పింది. ఎడిటరు ఊగిపోతూ వచ్చాడు.

"బుద్ధుందా మీ ఇద్దరికీ? చెరిపేస్తాను."

"చెరుపు," అంది అమ్మాయి. "నీ చేత్తోనే చెరుపు. నేను బయట నిలబడి చూస్తా."

ఎడిటింగు గది అంటే అగ్గిపెట్టెంత అద్దాల గది. తలుపుకి గడియ కూడా లేదు. లోపలికెళ్ళి కూర్చున్నాడు. రెండు నిమిషాలకి గొంతు పట్టుకుని లేచాడు. అద్దం బాదాడు. నేను తలుపు లాగాను... రాలేదు. అమ్మాయి కూడా లాగింది. రాలేదు.

"వెయ్యండి..." అన్నాడు లోపల్నుంచి, పెదాలు నీలంగా. "అంతా... వేసెయ్యండి..."

తలుపు దానంతటదే తెరుచుకుంది.

మధ్యాహ్నం వార్తల్లో పూర్తిగా వచ్చింది. ఎడిటరు ఇంటికెళ్ళాడు. ఖాళీ గది సర్దుదామని వెళ్ళాను. అద్దం మీద, అతని నోటి ఎత్తులో, ఊపిరి తగిలి పట్టిన ఆవిరి ఆరిపోయింది. కింద, నేలకి జానెడు ఎత్తులో, పడిపోయిన మనిషి నోరుండే చోట ఇంకో ఆవిరి మరక ఉంది. తుడిచాను.

మళ్ళీ పట్టింది. కొంచెం తగ్గింది... మళ్ళీ పట్టింది.