అమ్మ నాడి

పొద్దున టీ గ్లాసు అందుకునే ముందు పీర్ సాహెబ్ కుడిచెయ్యి చాపుతాడు. ఎవరో ఒకరు ఆ మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టి, "బాగుంది" అని చెప్పాలి. అప్పుడుగానీ ఆయన మంచం మీది నుంచి కాళ్లు కిందికి దించడు.

ఆ రోజు ఆ పని కూతురు ఆసియా మీద పడింది.

"ఎంతుండాది?" అన్నాడు కళ్లు మూసుకునే.

"డెబ్బై రెండు నాయనా. బాగుంది."

"నడుమ ఒకటి తప్పినట్లుండె నాకు."

"తప్పల్యా."

"ఇంగొకసారి చూడు పాపా. నీకేం పోతాది?"

ఆసియా మళ్లీ చూసింది. వంటింట్లో తల్లి సైదున్నీసా గోడకు ఆనుకుని నిలబడి, ఆయన చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందా అన్నట్టు టీ గ్లాసుతో ఎదురుచూస్తోంది.

ప్రొద్దుటూరు బజారులో పీర్ సాహెబ్‌ది పరుపుల అంగడి. దూది ఏకడం దగ్గర నుంచి పరుపు కుట్టడం దాకా అన్నీ తన చేతుల మీదుగా చేసినవాడు. ఒక మధ్యాహ్నం దూది బస్తా ఎత్తబోతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంటు వేశారు. "నడవండి, అంగడి తెరవండి, మునుపటిలాగే ఉండండి" అని డాక్టరు చెప్పి పంపాడు. శరీరం కోలుకుంది కానీ ఆయన భయం కోలుకోలేదు. అంగడికి తాళం పడింది. ఆయన నడవడం హాల్లో మంచం నుంచి బాత్‌రూము దాకానే.

ఆ భయానికి తగ్గట్టు ఇల్లంతా సర్దుకుంది. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడని సైదున్నీసా అన్నం గిన్నెలో వార్చడం మొదలుపెట్టింది. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే పిలుపు వినపడదని ఇంట్లోనే దండెం కట్టింది. సరుకులకు పోవాలన్నా ఇద్దరిలో ఒకరే పోవాలి, రెండోవాళ్లు ఆయన కళ్లముందు ఉండాలి. వీధి తలుపు గడియ వేయకూడదు, ఎందుకంటే ఏదన్నా అయితే జనం లోపలికి రావాలి కదా! తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆ తలుపు దాటి బయటికి పోవడం మాత్రం ఆడవాళ్లిద్దరికీ కష్టమైపోయింది.

కొడుకు కలీం కువైట్‌లో ఉన్నాడు. "నేను రాలేను, నువ్వు ఇంటికాడ ఉండు చెల్లీ" అని ఫోన్లో ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాటతో పులివెందుల కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఆసియా హాస్టల్ ఖాళీ చేసి వచ్చేసింది. పరీక్షలకు మాత్రం పోయి రాసి వచ్చేది. చివరికి ప్రాజెక్టు ఒక్కటి మిగిలింది.

"ఇంట్లో కూర్చుని చేయగలిగిందే ఎంచుకో. కానీ చూపించడానికి మాత్రం నువ్వే రావాలి" అంది ప్రాజెక్టు చూసే ఐశ్వర్య మేడం.

ఆసియా ఎక్కువ ఆలోచించలేదు. గుండె వేగాన్ని లెక్కపెట్టే సర్క్యూట్ చేస్తానంది. మేడంకు చెప్పని కారణం ఒకటుంది. ఆ లెక్క ఒక యంత్రం చెప్తే, నాయన చేతిలోంచి తన చెయ్యి బయటపడుతుంది.

బట్టల క్లిప్పుకు ఒకవైపు కంటికి కనపడని వెలుగునిచ్చే చిన్న బల్బు, రెండోవైపు ఆ వెలుగును పట్టే సెన్సరు అతికించింది. మధ్యలో వేలు పెడితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో నెత్తురు పొంగి, దాటివచ్చే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ రవ్వంత తేడాను పెద్దది చేసి లెక్కపెట్టాలి. వైర్లు గుచ్చుతూ, పీకుతూ, మళ్లీ గుచ్చుతూ మంచం పక్కనే నేల మీద కూర్చుని చేసింది. దూరంగా కూర్చోవడానికి నాయన ఒప్పుకోలేదు.

చివరికి చిన్న తెర మీద అంకెలు వెలిగాయి. ఎర్ర లైటు గుండెతో పాటు మిణుకుమంది. పీర్ సాహెబ్ ముఖం చిన్నపిల్లవాడిలా విప్పారింది.

"ఇది నాకేనా? ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చునా?"

"ఎప్పుడంటే అప్పుడు నాయనా. నేను లేకపోయినా చూపిస్తాది."

చివరి మాట ఆయన విన్నట్టు లేదు. వేలు పెట్టాడు. డెబ్బై ఆరు. తీసి మళ్లీ పెట్టాడు. డెబ్బై ఐదు. సాయంత్రం దాకా ఆ క్లిప్పు వదల్లేదు. చీకటి పడుతుండగా సైదున్నీసా ట్యూబులైటు వేసింది. తెర మీద అంకె ఒక్కసారిగా నూట డెబ్బైకి ఎగిరింది.

"అయిపోయింది! పాపా, నేను పోతాండా!" అని పీర్ సాహెబ్ గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి పడిపోయాడు. ఒళ్లంతా చెమటలు. వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతే, అన్నీ చూసి, గుండెకేమీ కాలేదు, భయపడ్డాడంతే అన్నారు.

మర్నాడు కువైట్ నుంచి కలీం ఫోన్లో అరిచాడు. "బుద్ధుండాదా నీకు? నాయన మీదనా నీ ప్రయోగాలు? ఆ డబ్బా తీసి బయట పారెయ్!"

ఫోన్ పెట్టేశాక ఆసియా క్లిప్పు ముందు కూర్చుంది. తన వేలు పెట్టి ట్యూబులైటు వేసింది, అంకె ఎగిరింది. ఆపింది, దిగింది. లైటు కంటికి తెలియకుండా మిణుకుతుంటే సెన్సరు దాన్నీ గుండె చప్పుడే అనుకుంటోంది. బురఖా కుట్టగా మిగిలిన నల్లగుడ్డ ముక్కతో క్లిప్పు చుట్టూ తొడుగు కుట్టింది. సర్క్యూట్‌లో రెండు చోట్ల మార్పులు చేసింది. ఒక చేతి వేలికి క్లిప్పు పెట్టి తెర చూస్తూ, ఆ మణికట్టు మీద నాడి రెండో చేత్తో తానే లెక్కపెట్టుకుంటూ లైటు కింద పదే పదే సరిచూసుకుంది. ఈసారి తప్పలేదు.

కానీ పీర్ సాహెబ్ వేలు ఇవ్వనన్నాడు. "నన్ను చంపేదే అది. నీ చెయ్యే నయం. రా, నాడి చూడు."

మళ్లీ అదే చెయ్యి, మళ్లీ అదే గడియారం. ఐశ్వర్య మేడం చెప్పిన రోజు దగ్గరపడింది. ఇంకొకరి మీద పరీక్షించి చూపకపోతే ఎవరూ ఒప్పుకోరు. ఆసియా వంటింట్లోకి పోయింది. తల్లి పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఈమధ్య ఆమె అన్ని పనులూ కూర్చునే చేస్తోంది.

"అమ్మా, నీ వేలు ఒకసారి ఇయ్యి."

"నా వేలెందుకు? నాకేమయ్యిండాది?" అంటూనే సైదున్నీసా చెయ్యి చాపింది. చల్లగా ఉందా చెయ్యి.

ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. ఆసియా ఎదురుచూసింది. మళ్లీ వెలగడానికి చాలాసేపు పట్టింది. తెర మీద ముప్పై ఎనిమిది.

క్లిప్పు తన వేలికి పెట్టుకుంది. ఎనభై. బ్యాటరీ మార్చింది. తల్లి వేలు రుద్ది వెచ్చబరిచి మళ్లీ పెట్టింది. ముప్పై ఎనిమిదే. చివరికి యంత్రం పక్కన పెట్టి తల్లి మణికట్టు పట్టుకుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య అంత ఖాళీ ఉంటుందని ఆసియాకు తెలియదు. నాయన నాడి ఇన్ని వందలసార్లు చూసిన చేతికి అమ్మ నాడి ఇదే మొదటిసారి.

"నాయనా, అమ్మను ఆసుపత్రికి తీసుకపోతాండా," అంది హాల్లోకి వచ్చి.

"ఏంది?"

"అమ్మ గుండె శానా నిదానంగా కొట్టుకుంటాంది. ముప్పై ఎనిమిదే."

"ఎవురు చెప్పిరి? ఆ డబ్బానా? మొన్న నాకు నూట డెబ్బై అనిన్యాది, ఈ పొద్దు మీ అమ్మకు ముప్పై అంటాంది. నువ్వు దాన్ని నమ్ముకోని..."

"చేత్తో కూడా చూసినా నాయనా."

"సరే, రేపు చూద్దాం. మీరిద్దరూ పోతే నాకాడ ఎవురుంటారు?"

ఆ మాటతో ఆసియాలో ఏదో తెగింది.

"నీకాడ, నీకాడ! నీకాడ ఉండనీకే చదువు వదిలిపెట్టి వచ్చినా. నీకాడ ఉండనీకే అమ్మ మిద్దె ఎక్కి ఎన్ని దినాలాయనో నీకు తెల్సునా? డాక్టరు నిన్ను నడవమని చెప్పె. నువ్వు మాత్రం మమ్మల్నిద్దర్నీ మంచానికి కట్టేసుకున్యావు! నీది గుండె, మాది కాదా నాయనా?"

పీర్ సాహెబ్ "నేను చచ్చిపోతే తెలుస్తాది మీకు," అంటూ ఛాతీ పట్టుకున్నాడు.

"అరవద్దు మే, నాయన తట్టుకోల్యాడు," అంటూ సైదున్నీసా పీట మీద నుంచి లేచింది. "నాకేం ల్యా. మీరిద్దరూ ఊరుకోండి. నీళ్లు తెస్తా ఉండు..."

నీళ్ల చెంబు ముందు పడింది. తర్వాత ఆమె పడింది, వంటింటి గడప మీద, చప్పుడు కూడా పెద్దగా లేకుండా.

ఆసియా తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. తల్లి కళ్లు తేలేసింది. ఆసియా ఒక చేత్తో వీధి చివర ఉండే ఆటో ఖలందర్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తల్లిని వదిలి పోలేదు.

"నాయనా! ఖలందర్ మామను పిల్చకరాపో! నేను అమ్మను వదల్లేను!"

పీర్ సాహెబ్ మంచం దిగి తలుపు దాకా వచ్చి నిలబడిపోయాడు. బయట ఎండ. చెయ్యి ఇంకా ఛాతీ మీదే ఉంది. కూతురి వైపు చూశాడు. నేల మీద, నీళ్ల తడిలో, తన పెళ్లాం ముఖం చూశాడు. ఛాతీ మీది చెయ్యి తీసి తలుపు పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగాడు.

"ఖలందరూ! ఒరేయ్ ఖలందరూ!" ఆ గొంతు వీధి మలుపు దాకా పోతూ వినిపించింది. ఆయన నడవడం లేదు, పరిగెత్తుతున్నాడు.

ఆటోలో పోతుండగానే సైదున్నీసా కళ్లు తెరిచింది. ఆసుపత్రిలో ఇసీజీ తీసిన డాక్టరు కాగితాన్ని రెండుసార్లు పరీక్షగా చూశాడు. "గుండె పైగదుల నుంచి కిందికి రావాల్సిన కరెంటు రావడం లేదు. కింది భాగం తనంతట తానే ఎలాగో కొట్టుకుంటోంది. పేస్‌మేకర్ పెట్టాలి, వెంటనే తిరుపతి తీసుకుపోండి," అని, సైదున్నీసా వైపు తిరిగాడు. "అమ్మా, ఇంతకుముందు ఎప్పుడన్నా ఇలా పడిపోయారా?"

ఆమె మొగుడి వైపు చూసి తల దించుకుంది. "పడితి సార్."

"ఎప్పుడు?" అన్నాడు పీర్ సాహెబ్.

"బాత్‌రూములో సబ్బు మీద జారితి అని చెప్పినా కదా, అప్పుడు. ఇంగ వంటింట్లో రెండు తూర్లు."

"నాకెందుకు చెప్పల్యా?"

"యాడ చెప్పాల?" ఆమె గొంతులో కోపం లేదు. "కుక్కర్ చప్పుడే తట్టుకోల్యావు నువ్వు. నేను పడిపోతి అంటే తట్టుకుంటావా? నీకేమన్నా అయితే నాదే పాపమని నోరు మూసుకుంటి. కండ్లు తిరిగినప్పుడల్లా గోడ పట్టుకోని, అల్లా, ఈయన నిద్ర లేచేలోపల నన్ను లేపు అనుకుంటాంటి."

పీర్ సాహెబ్ ఆమె పడుకున్న బల్ల పక్కన కింద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తన చెయ్యి పట్టుకోవడానికే వాడిన ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు దానికి ఆనించాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "నా ఒక్కడిదే గుండె అనుకుంటి సైదూ," అన్నాడు ఏడుపు మధ్య. "నీ పక్కనే ఉంటి. నీ పక్కనే ఉండి కనుక్కోల్యాకపోతి."

ఆసియా గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తిరుపతిలో పేస్‌మేకర్ పెట్టారు. ఆసుపత్రి వసారాలో చాప పరుచుకుని పీర్ సాహెబ్ ఉన్నన్ని రోజులూ ఉన్నాడు. మందులు తేవడం, కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరగడం, మెట్లెక్కడం, దిగడం. పొద్దున్నే ఎవరికీ చెయ్యి చాపలేదు. చాపాలనిపించినప్పుడల్లా లేచి ఆమె మంచం దగ్గరకు పోయి చూసొచ్చాడు. ఐశ్వర్య మేడం ఫోన్ చేసి, ప్రాజెక్టు చూపడానికి ఆసియాకు ఇంకో రోజు ఇప్పించానని చెప్పింది.

డిశ్చార్జి రోజున జమ్మలమడుగు నుంచి చిన్నమ్మ ఫర్జానా కారు మాట్లాడుకుని వచ్చింది. "అక్కను నేను తీసకపోతా. నెల దినాలు నాకాడ ఉండనీ. మీ ఇంట్లో ఉంటే ఒక నిమిషం పండుకోనియ్యరు," అంది బావ ముఖం మీదే.

పీర్ సాహెబ్ నోరు తెరిచాడు. "మరి నాకు..." అని ఆగిపోయాడు. ఆయన కిటికీ వైపు చూసి, గొంతు సవరించుకుని, "పోనీ. తీసకపో," అన్నాడు.

ప్రొద్దుటూరులో కారు ఇంటి ముందు ఆగింది. ఆసియా లోపలికి పోయి బట్టల సంచీ, క్లిప్పూ వైర్లూ ఉన్న డబ్బా తెచ్చుకుని మళ్లీ కారెక్కింది. బస్టాండులో దిగి పులివెందుల బస్సెక్కాలి. పీర్ సాహెబ్ ఒక్కడే కింద నిలబడ్డాడు.

సైదున్నీసా కిటికీలోంచి అడిగింది. "అన్నం చేసుకోను వస్తాదా నీకు?"

"ఖలందర్ పెండ్లాన్ని అడిగి నేర్చుకుంటా."

"ఒక్కనివే ఉండాల. భయమైతే?"

ఆయన కిటికీ అంచు మీద ఉన్న ఆమె వేళ్లను ఒకసారి పట్టుకుని వదిలాడు.

"భయమైతాది," అన్నాడు. "అయినా ఉంటాలే. మీరు పోండి."

కారు కదిలింది. ఆసియా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నాయన వాకిట్లో కాసేపు నిలబడి, తల మీద తువ్వాలు వేసుకుని, బజారు వైపు ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. పక్కన తల్లి అద్దానికి తల ఆనించుకుని, ఎవరి పిలుపుకూ చెవి ఒగ్గకుండా, అప్పుడే నిద్రలోకి జారుకుంటోంది.