చాటలో నక్క ఉల్లిగడ్డలు

పొద్దున్నే ఉల్లిపాయ తరుగుతున్న మాధురికి చేతులు మండిపోయాయి. మిరపకాయలు కోసే చేతులకు మంట కొత్తేమీ కాదు గానీ, ఇది దురద మంట. ముక్కలు జిగురుగా ఉన్నాయి, ఉల్లి వాసనే లేదు. నెల్లాళ్ళ కోతలతో నిలబడే ఓపిక కూడా లేని మనిషి, పైగా అరికాళ్ళ నిండా ఆనెకాయలు. విసుగ్గా భర్తను కేకేసింది.

నాగేంద్రబాబు గడ్డ పట్టుకు చూశాడు. "అమ్మో, ఇది నక్క ఉల్లిగడ్డే! కడుపులోకి పోతే వాంతులు. ముందు చేతులు కడుక్కో."

"మన ఉల్లిపాయల బుట్టలోకి ఎలా వచ్చింది?"

ఇద్దరూ వసారాలో కూర్చున్న నాగేంద్రబాబు తల్లి వెంకటేశ్వరమ్మ వైపే చూశారు. ఈమధ్య ఆవిడకు మతిమరుపు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఒకసారి పేరు పడ్డాక ఇంట్లో ఏం జరిగినా ఆ పేరే గుర్తొస్తుంది కదా.

"ఇవి మీరు తెచ్చారా అత్తయ్యా?"

"తెచ్చానమ్మా."

"బుట్టలో వేశారా?"

"నేనే వేసుంటాను. నాకేం గుర్తుంటుంది?"

మాధురి భర్త వైపు తిరిగింది. "ఇక నావల్ల కాదండీ. మన పిల్లాడు శ్రీకృష్ణ తినుంటే? నేను పొలం చూసుకోనా, ఈవిడకి కాపలా కాయనా? పర్చూరులో మీ అక్క దగ్గర దించి రండి."

నాగేంద్రబాబు వినుకొండ బస్టాండు దాకా ఆటో పిలవడానికి వెళ్ళాడు. కూతురింట్లో పడి ఉండటం వెంకటేశ్వరమ్మకు చచ్చేంత నామోషీ. అయినా రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"అసలు అవెందుకు తెచ్చారు అత్తయ్యా?"

"నీ కాళ్ళకమ్మా, కుంటుతున్నావుగా. కొండకింద బీడులో ఆకన్నది లేకుండా పూలకాడలే లేచి కనపడ్డాయి. గునపంతో తవ్వాను. కాల్చి కడితే ఆనెలు మెత్తబడతాయి. నువ్వు రాగానే కడదామని గుమ్మం పక్కన చాటలో పెట్టా. అంతవరకే గుర్తుంది."

మాధురికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాలికి అడ్డం తగిలిన చాటను విసుగ్గా ఎత్తి, అందులోవి చూడకుండా ఉల్లిపాయల బుట్టలో గుమ్మరించింది తనే.

బయట ఆటో హారన్ మోగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఏవండీ, ఆటో పంపించెయ్యండి! అవి బుట్టలో వేసింది నేను." అత్తగారి చేతిలో సంచి లాక్కుని భోరుమంది.

వెంకటేశ్వరమ్మ నిప్పుల్లో గడ్డ కాల్చి, పాతగుడ్డతో కోడలి పాదానికి కట్టింది. "ఏడు రోజులు కట్టాలమ్మా."

"అయితే రోజూ మీరే గుర్తు చెయ్యాలి అత్తయ్యా," కళ్ళు తుడుచుకుంది మాధురి. "నాకు మతిమరుపు."