దొంగ కస్టమర్

నా ఎడమ సాక్సులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉందని నాకంటే ముందు ఆమెకి తెలిసింది.

బూట్ల షాపులో ఆమె ఒక మోకాలి మీద కూర్చుని, పాదం కొలిచే పలకని నా ముందుకి జరిపింది. నేను బూటు విప్పాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"సార్, లోపల ఊపిరాడక ఈయనొక్కరూ బయటికొచ్చేసినట్టున్నారు. ఈయన కొలత విడిగా తియ్యమంటారా?"

పక్క సోఫాలో ఉన్న పెద్దాయన పకాలున నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. వేలు లోపలికి లాక్కోబోయాను. చిరుగు ఇంకాస్త పెద్దదైంది.

"పర్లేదు సార్. రోజూ ఎన్నో కాళ్లు చూస్తాను. సగం సాక్సులు ఇంతే. మిగతా సగం ఎందుకు బాగుంటాయంటే, అవి ఆ రోజు పొద్దున కొన్నవి."

తలెత్తి నవ్వింది. అది షాపు నేర్పిన నవ్వు కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలియడమే నా ఉద్యోగం.

నేను దొంగ కస్టమర్ని. షాపుల యజమానులు మా కంపెనీకి చెబుతారు, కంపెనీ నన్ను పంపుతుంది. మామూలు మనిషిలా వెళ్లి, బేరమాడి, విసిగించి, బయటికొచ్చి ఫారం నింపుతాను. ఎన్ని సెకన్లలో పలకరించారు? కళ్లలోకి చూశారా? నవ్వారా? పెట్రోలు బంకు, బ్యాంకు కౌంటర్, సెలూన్, సినిమా హాలు టికెట్ కిటికీ. మూడేళ్లుగా ఎవరి పనీ చెయ్యకుండా అందరి పనికీ మార్కులు వేస్తున్నాను.

మా అక్క ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. "నా దగ్గరికి నవ్వుతూ వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. నేను నవ్వితే ఇంకా భయపడతారు. నీ ఫారంలో నాకెన్ని మార్కులు పడతాయిరా?" అని అడిగేది. నేను మాట మార్చేవాణ్ణి. "జీతం తీసుకుని చాడీలు చెప్పేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను," అని తనే ముగించేది.

ఆ సాయంత్రం ఫారం నింపాను. పదకొండో ప్రశ్న: ఉద్యోగి మీ దుస్తుల గురించి గానీ శరీరం గురించి గానీ వ్యాఖ్యానించారా?

అవును అని టిక్కు పెట్టాను. కింద గడిలో రాశాను: "ఇతర కస్టమర్ల ముందు పాదాల గురించి ఎగతాళిగా మాట్లాడారు. ఇబ్బంది కలిగింది."

ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. దారి పొడవునా ఆ మాట తలచుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నానని మాత్రం రాయలేదు. దానికి గడి లేదు. మనుషుల్ని చాటుగా చూడటం నాకు అలవాటు. ఎవరో నన్ను చూసెయ్యడం అలవాటు లేదు. ఆ ఉక్రోషాన్ని నియమం పేరు చెప్పి తీర్చుకున్నాను. రాసేటప్పుడు అది నాకు తెలియలేదని చెప్పగలిగితే బాగుండేది. తెలుసు.

నాలుగో రోజు మళ్లీ వెళ్లాను. ఒకసారి మార్కులు వేసిన చోటికి మళ్లీ వెళ్లకూడదని మా రూలు.

"ఏంటి సార్, బూట్లు కరిచాయా?"

"లేదండీ. సాక్సులు కొత్తవి కొన్నాను."

"చూపించడానికొచ్చారా?"

తలూపాను.

"ఆహా! మరి ఆయన ఎలా ఉన్నారు?"

"లోపలే ఉన్నారు. క్షేమం."

అలా మొదలైంది. మధ్యాహ్నం ఆమెకి అరగంట విరామం. రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లం. ఆమె మాత్రం బల్ల దొరికితే వదిలేది కాదు.

"కుర్చీలన్నీ కస్టమర్లకే. మేం కూర్చోవాలంటే ఎవరో ఒకరు కాలు చాపాలి," అంది. "కాలు పట్టుకుంటే మనిషి తెలిసిపోతాడు తెలుసా? కొందరు కాలు ఇవ్వరు, విసురుతారు. ఫోన్లో మాట్లాడుకుంటూ. నేను లేసు కట్టి లేచేదాకా నా మొహం చూడరు."

"మరి నేనో?"

"మీరా? తప్పు చేసినవాడిలా ఇచ్చారు."

టీ పొరబోయింది. ఆమె నవ్వుతూ నా వీపు మీద తట్టింది.

"ఇంతకీ మీరేం చేస్తారు?"

"సర్వేలు."

"ఏం సర్వేలు?"

"జనం... ఎలా పని చేస్తున్నారని."

"అబ్బో. అయితే సర్వే గారూ, నా గురించి బాగా రాయండి."

ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లాను. బస్సులో నలుగురి పక్కన కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

రెండు వారాల తర్వాత వానలో గొడుగు కూడా తెరవకుండా రోడ్డు దాటి వచ్చింది. బల్ల మీద కూర్చోలేదు.

"నన్ను మేడ మీద గోడౌన్‌కి వేశారు. కింద నుంచి నంబరు చెబుతారు, పైనుంచి డబ్బా దించాలి. అంతే. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

"ఎందుకు?"

"ఎవరో రాశారట. పొద్దున్నే మేనేజరు అందర్నీ నిలబెట్టి చదివారు. నేను పాదాల గురించి ఎగతాళి చేస్తానట." తెరవని గొడుగుని బల్లకి ఆనించింది. "నాకు తెలుసు ఎవరో. పువ్వుల గొడుగుతో వచ్చిన పెద్దావిడ. మడమలు పగిలి అవస్థ పడుతుంటే, హీల్స్ వద్దు మేడమ్, అడుగు మెత్తగా ఉన్నవి తీసుకోండి, మీ మడమలు నాతో మొర పెట్టుకుంటున్నాయన్నాను. అప్పుడు నవ్విందండీ. నవ్వి, వెళ్లి రాసింది. ఆవిడే కదా?"

వాన గట్టిగా పడుతోంది. అవును, కాదు అనే రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి.

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఫారంలో రాసినదాని గురించి నాతో నేను వాదించుకోగలను. ఆ "అయ్యుండొచ్చు" దగ్గర ఏ వాదనా నిలబడదు.

తర్వాత నెలంతా కలుస్తూనే ఉన్నాం. ఆమె మాటలు మాత్రం పొదుపుగా వచ్చేవి. టీ కొట్టతను బనియను తిరగేసి వేసుకున్న రోజు, ఏమంటుందా అని ఆశగా చూశాను. చూసింది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"అనండి," అన్నాను.

"వద్దులెండి. ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఏం తెలుసు."

ఆమె నోరు నొక్కిన చెయ్యి నాది. అదే చేత్తో గ్లాసు అందించాను.

ఒక మధ్యాహ్నం చాలా రోజులకి నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"పువ్వుల గొడుగు ఆవిడ ఇవాళ వచ్చింది. నా కోసమే అడిగిందట. నొప్పి తగ్గింది, ఆ అమ్మాయికి చెప్పి వెళ్తానని అరగంట కూర్చుందట. నేను దిగలేదు. 'రాసినావిడతో నాకు మాటల్లేవు, పొమ్మనండి' అని కబురు పంపాను. మొహం మాడ్చుకుని వెళ్లిందట. బాగా అయింది కదూ?"

"ఆవిడ కాదు."

"ఏంటి?"

"రాసింది ఆవిడ కాదు. నేను."

జోకనుకుంది. "మీరెందుకు రాస్తారు?" అంది నవ్వుతూనే. నా మొహం చూశాక నవ్వు ఆగింది. మొత్తం చెప్పాను. కంపెనీ, ఫారం, పదకొండో ప్రశ్న.

"ఆ మాట నచ్చలేదా?"

"నచ్చింది."

"నచ్చితే అలా రాస్తారా ఎవరైనా?"

"నేను రాశాను."

ఆమె బల్ల మీంచి లేచింది. తర్వాత మొదటిసారి నన్ను నువ్వు అంది.

"నెల రోజులు నా ఎదురుగా నిలబడి టీ తాగావు. నాకు తప్పులు దొర్లుతాయి, మాట జారుతుంది, ఒప్పుకుంటాను. ఆ పెద్దావిడ ఏం చేసిందని? అంత దూరం నడిచొచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపించేశాను. నీ మాట నమ్మి."

"సారీ..."

"నాకు చెప్పి బరువు దించేసుకున్నావు. షాపులో ఎవరు చెబుతారు?"

గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. టీ సగం అలాగే ఉంది.

మర్నాడు మా కంపెనీకి ఉత్తరం రాశాను. ఆ వ్యాఖ్య కోపంతో రాసిందని, ఆ ఉద్యోగి వల్ల నాకు జరిగిన నష్టం ఏమీ లేదని. అదే కాగితం పట్టుకెళ్లి షాపు మేనేజరుకి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు మీదుగా నన్ను చూశాడు.

"ఇన్నాళ్లూ మీ కాగితాలకి మేం భయపడుతున్నామా!"

సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. అక్క ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

మరో పది రోజులకి ఒక లాండ్రీలో చేరాను. ఇస్త్రీపెట్టె బరువు మణికట్టుకి తెలియడానికి రెండు రోజులు చాలు. ఆవిరి ఎటు నుంచి వస్తుందో వేళ్లకి తెలియడానికి వారం పట్టింది. కౌంటర్లో నిలబడితే కొందరు బట్టల మూట నా వైపు విసిరి ఫోన్లో మాట్లాడుకుంటారు. మరకల గురించి ఏమీ అడగకూడదు. మరక తెచ్చినవాడి కళ్లు ముందే కిందికి చూస్తుంటాయి. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు.

ఆరో వారంలో, ఒక మధ్యాహ్నం, కౌంటర్ ముందు అయిదారుగురు లైన్లో ఉన్నారు. ముందున్నాయన కాలరు మడత తప్పిందని నన్ను దులిపేస్తున్నాడు. మళ్లీ చేసిస్తానంటున్నా వినడు. నేను తలవంచుకుని నిలబడ్డాను. ఆయన వెళ్లాక తలెత్తితే లైన్ చివర ఆమె.

చూసేసింది. అంతా.

ఒక్కొక్కరికీ బట్టలిస్తూ ఆమె వంతు దాకా వచ్చాను. ఆమె వెనక మరో ఇద్దరు చేరారు.

"ఊళ్లో అందరి బట్టలకీ ఇస్త్రీ చేస్తారు కదా సర్వే గారూ," అంది అందరికీ వినపడేలా, "మీ చొక్కా ఒక్కటీ ఏం పాపం చేసింది? రాత్రి దాని మీదే పడుకున్నారా?"

వెనక ఇద్దరూ నవ్వారు. లోపల ఇస్త్రీ చేస్తున్నతను కూడా నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కింద ఫ్లోర్‌లోకి వచ్చేశాను," అంది గొంతు తగ్గించి. "ఇరవై రోజులైంది."

"మరి ఇన్ని రోజులు..."

"కోపం తీరొద్దూ? మీరిక్కడున్నారని టీ కొట్టతను ఎప్పుడో చెప్పాడు."

"ఆ పెద్దావిడ?"

"బిల్లు మీద ఫోన్ నంబరు దొరికింది. వెళ్లి కలిశాను. మీ సంగతంతా చెప్పాను. అంతా విని, అబ్బాయి మంచివాడేనా అని అడిగింది."

"ఏం చెప్పారు?"

"ఇంకా తేలలేదన్నాను."

"తేలడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"అది నువ్వు ఎన్నింటికి పని దిగుతావో దాన్ని బట్టి."

"ఆరింటికి."

వెనకున్నాయన గొంతు సవరించుకున్నాడు. నేను గబగబా రసీదు పుస్తకం తీశాను. "ఇంతకీ ఏం తెచ్చారు? కోటా, దుప్పటా?"

ఆమె రెండు చేతులూ కౌంటర్ మీద పరిచింది. ఖాళీగా ఉన్నాయి.

"ఏమీ తేలేదు," అంది. "ఊరికే లైన్లో నిలబడ్డాను."