ఖాళీ నీళ్లలో జయ

బోటాటౌంగ్ రేవు పక్కన మందులు పరీక్షించే ల్యాబు ఒకటుంది. చీకటి పడితే అక్కడ గాజుసామాను కడిగే గదివైపు ఎవరూ పోరట. తలుపు దగ్గరికెళితే చాలు, తడి తనాకా వాసన... బుగ్గలకు తనాకా చెక్క అరగదీసిన గంధం రాసుకోకుండా ఏనాడూ డ్యూటీకి రాని జయ, ఆ గదిలోనే పోయింది మరి. కరెంటు పోయి, రసాయనాల ఆవిరి లాగే ఫ్యాను ఆగింది. డీజిల్ దండగని యజమాని జనరేటరు వెయ్యనివ్వలేదు. లాభం బతికింది — మనిషి ఊపిరి ఆగింది.

ఇప్పుడు జయ మందులు పరీక్షించే మిషన్లోకీ వచ్చిందన్నారు.

పిల్లల జ్వరం సిరప్పులో విషం కలిస్తే పట్టే కొత్త పద్ధతిని ల్యాబు కెమిస్టు సూరి రుజువు చేస్తున్నాడు. ముందు ఉత్త నీళ్లు ఎక్కిస్తే తెరమీద గీత చదునుగా రావాలి. ఎన్నిసార్లు ఎక్కించినా మధ్యలో చిన్న గుట్ట లేచింది. ఏమీ లేనిచోట... ఏదో ఉంది.

"జయే రా! నీకోసమే వస్తన్నాది," అన్నాడు తోటి కెమిస్టు బాబ్జీ. నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

మేనేజరు కృష్ణకుమార్ విసుక్కున్నాడు. "రేపూ ఇదే గొడవైతే పరీక్ష మానేద్దాం. సరుకు పంపెయ్యడమే."

"పసిపిల్లల ప్రాణం సరుకు కాదు సార్!" అన్నాడు సూరి.

ఆ రాత్రి సూరి ఉండిపోయాడు. కరెంటు పోయింది. కడిగే గదిలో... గర్... గర్... రాతిమీద ఏదో అరగదీస్తున్న చప్పుడు. తనాకా వాసన గుప్పుమంది. తలుపు సందులో — తెల్లటి చెయ్యి.

సూరి ఫోన్ లైటు వేశాడు.

నరసమ్మ! జయ తల్లి. గాజుసామాను కడిగేది ఆమే. సాయంత్రమే ఇంటికి పోయిందనుకున్న మనిషి, అరగదీసిన గంధాన్ని పెద్ద బీకర్లో కలుపుతోంది. అది జయ వాడిన బీకరు. ఇప్పుడు సూరి నీళ్లు పట్టేదీ దాన్తోనే.

"పొద్దున్నే మా అమ్మి డ్యూటీకెళ్లాల కదా బాబూ..." గొణిగింది. "తెల్లారేలోగా కడిగీసి పెట్టేస్తన్నాను."

ఎంత కడిగినా గంధం గాజుకు కాస్త పట్టే ఉంటోంది. అదీ గుట్ట. దెయ్యం లేదు. పద్ధతి మంచిదే. సూరి గట్టిగా ఊపిరి వదిలాడు.

"అత్తా... ఆ బీకరు ఇంటికి పట్టుకెళిపో. విరిగిపోయిందని నేన్చెప్తాను."

ఆమె కదల్లేదు.

"మీ మిషన్లో మా అమ్మి అవుపిస్తన్నాదంట గదా... రేపూ అవుపిస్తాదా?"

సూరి ఆ బీకరు ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు కొత్త బీకరుతో నీళ్లు ఎక్కించాడు. గీత చదునుగా సాగింది. బాబ్జీ చప్పట్లు కొట్టాడు. ఇక పరీక్ష దాటకుండా సిరప్పు గేటు దాటదు.

తలుపు అద్దానికి నుదురానించి, నరసమ్మ ఆ తెరకేసే చూస్తోంది.

"ఏది బాబూ?"